చప్పుడు వినే మనిషి

ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ దాటి పట్టాల గోడ వెంబడి కాస్త దూరం నడిస్తే ఒక రేకుల షెడ్డు వస్తుంది. దానికి తలుపు లేదు, అడ్డంగా ఒక గొలుసు మాత్రం ఉంది. లోపల వెల్డింగ్ మిషను, గ్రైండరు, గోడకు ఆనించిన ఇనప పైపులు, ఓ మూల చెక్క పీట. డానియేలు అనే వెల్డరు ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ ఒకే పని చేస్తున్నాడు. జీపుల వెనక స్టెప్నీ చక్రాన్ని మోసే కారియర్లు తయారుచేసి బిగిస్తాడు. గేటు కావాలనో కిటికీకి జాలీ కావాలనో ఎవరైనా వస్తే పక్క గల్లీకి పంపిస్తాడు.

కొండలెక్కే జీపులకు, బురదలో దిగే జీపులకు పెద్ద టైర్లు వేస్తారు. అప్పుడు స్టెప్నీ కూడా పెద్దదే కావాలి. అది లోపల పట్టదు. వెనక తలుపుకే తగిలిద్దామంటే నలభై కిలోల బరువుకు ఆ రేకు చిరుగుతుంది. అందుకని జీపు ఛాసిస్ వెనక, ఎడమ మూలన ఒక పాత చక్రం హబ్బును వెల్డింగ్ చేసి, దానికి ఇనప చేయి ఒకటి అమర్చి, చక్రాన్ని ఆ చేతికి బిగిస్తారు. చేయి గేటులా పక్కకు తిరుగుతుంది కాబట్టి వెనక తలుపు తీసుకోవచ్చు. మూసినప్పుడు చేతి కొస కుడి మూలనున్న కొండీలో పడుతుంది.

కష్టమంతా ఆ కొండీ దగ్గరే. బిగువు తక్కువైతే దారి పొడుగునా టకటకమంటుంది. అలా కొట్టుకుంటూ ఉంటే మూడు నాలుగు నెలల్లో పిన్ను అరిగి, ఒకరోజు చక్రంతో సహా చేయి ఊగి వెనక వచ్చేవాడి మీద పడుతుంది. బిగువు ఎక్కువైతే కొండీ తెరుచుకోదు. రెండింటికీ మధ్య తేడా నట్టును పావు చుట్టు తిప్పడమే. ఆ పావు చుట్టును కొలిచే పనిముట్టు డానియేలు దగ్గర లేదు, ఇంకెవరి దగ్గరా లేదు. జీపును గతుకుల్లో నడిపించి చెవితో వినాలి.

డానియేలుకు వినపడదు.

పూర్తిగా కాదు. రైలొస్తే తెలుస్తుంది, లారీ హారను తెలుస్తుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సగం పట్టుకుంటాడు, మిగతా సగం ఊహిస్తాడు. సన్న చప్పుళ్లే పోయాయి. రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు ఆయన. పదహారో ఏట చాంద్రాయణగుట్టలో ఒక ఉస్తాద్ దగ్గర గ్రైండరు పట్టాడు. చెవుల్లో దూది పెట్టుకుంటే తోటివాళ్లు ఆడపిల్లవా అని నవ్వేవాళ్లు. నలభై దాటేసరికి ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు పిచ్చుకలు. ఈ వాడలో పిచ్చుకలు పోయినయని ఆయన చాలా రోజులు అనుకున్నాడు. తర్వాత గ్లాసులో చెంచా, ఆ తర్వాత ఆడవాళ్ల గొంతులు.

ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, భార్య ఆగమ్మ. దాచమన్నదీ ఆమే. "చెవిటోడు బిగిస్తె సప్పుడు రాదంటె ఎవడు నమ్ముతడు? నోరు మూసుకొని పని చెయ్యి, ఇనేటిది నేను ఇంట" అన్నదట. అప్పటి నుంచి కారియరు బిగించడం పూర్తయిన ప్రతి జీపు లోపల, వెనక భాగంలో చెక్క పీట వేసుకుని ఆమె కూర్చునేది. డానియేలు ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చునేవాడు. పట్టాల పక్క గతుకుల బాటలో బండి యజమాని నడిపేవాడు. ఆమె వేళ్లు చూపించేది. రెండు వేళ్లంటే రెండు పావు చుట్లు బిగించాలి. బొటనవేలు కిందికి చూపిస్తే వదులు చేయాలి. పిడికిలి బిగిస్తే పని అయిపోయినట్టు. ఆమె ఎన్ని చాయ్‌లు చెప్పాలో చూపిస్తున్నదని బండ్లవాళ్లు అనుకునేవాళ్లు. ఒకతను మూడు వేళ్లు చూసి నిజంగానే మూడు చాయ్‌లు తెప్పించాడు. ఆగమ్మ తాగింది కూడా.

పిల్లలు నోరు జారుతారని కూతురు షారోన్‌కు కూడా చెప్పలేదు. బడి నుంచి వచ్చి వెనక నిలబడి "డాడీ, క్లాసుల ఫస్టొచ్చిన" అంటే తండ్రి తిరిగి చూసేవాడు కాదు. కొన్నేళ్లకు ఆ పిల్ల వెనక నిలబడడం మానేసింది. మా డాడీకి ఇనుము తప్ప ఏం పట్టదు అని స్నేహితులతో చెప్పేది. ఇప్పుడు కాజీపేటలో ఉంటుంది. అల్లుడిది రైల్వేలో ఉద్యోగం. వాళ్లకు చింటు అని ఒక కొడుకు.

పోయిన క్రిస్మస్‌కు వారం ముందు ఆగమ్మ చనిపోయింది. కిడ్నీలు. నాలుగో రోజు డానియేలు షెడ్డు గొలుసు తీశాడు. చెక్క పీట ఎక్కడిదక్కడే ఉంది.

తర్వాత వచ్చిన జీపులకు ఆయన రకరకాలుగా చేసి చూశాడు. కొండీకి సుద్ద పూసి బండి నడిపిస్తే ఎక్కడ రాసుకుంటుందో తెలిసింది గాని, కొట్టుకుంటుందో లేదో తెలియలేదు. ఇనప చేయి మీద అరచేయి పెట్టి చూశాడు. జీపంతా అదురుతుంటే అందులో కొండీ అదురు ఏదో ఎట్లా తెలుస్తుంది? చివరికి ఒక పద్ధతి కుదుర్చుకున్నాడు. ఉండాలని తను అనుకున్న దానికన్నా ఇంకో రెండు పావు చుట్లు ఎక్కువ బిగించడం. అట్లా ఐదు జీపులు పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. అవి ఆదివారాలు కొండలకు పోయే కుర్రాళ్ల బండ్లు. జిమ్ముల్లో పెరిగిన చేతులు వాళ్లవి. కొండీ రాకపోతే కాలితో తన్ని తీసుకున్నారేమో.

ఇంటి దగ్గర ఫోను ఇంకో బాధ. చొక్కా జేబులో అదిరితే తీస్తాడు. తెర మీద షారోన్ ఫొటో ఉంటుంది. చెవి దగ్గర పెట్టుకుని కొంచెం ఆగి, "ఆఁ బిడ్డా, తిన్న. అంత మంచిదే. ఇగ పండుకుంట" అంటాడు. మూడు మాటలూ అయ్యాక కట్ చేస్తాడు. ఎండాకాలంలో చింటును డెంగీతో ఆసుపత్రిలో చేర్చిన రోజు ఆమె ఫోను చేసి ఏడ్చింది. ఆయన తిన్నానన్నాడు, అంతా మంచిదే అన్నాడు. తర్వాత ఇరవై రోజులు ఆమె చేయలేదు. ఎందుకు చేయలేదో ఆయనకు నెల తర్వాత తెలిసింది, చర్చిలో ఒకామె ఎదురుగా నిలబడి మనవడు ఎట్లా ఉన్నాడని అడిగినప్పుడు.

జూలైలో కార్వాన్ నుంచి ఓదెలు వచ్చాడు. పన్నెండు బర్రెల పాడి అతనిది. తాత నాటి నుంచి అదే పని. మూసీ ఒడ్డున కోసిన పచ్చగడ్డిని ఒక పాత జీపులో నింపుకుని తెస్తాడు. వానాకాలం ఆ బురదలో మామూలు టైర్లు దిగబడుతున్నాయని నేలను గట్టిగా పట్టే పెద్ద టైర్లు వేయించాడు. స్టెప్నీ లోపల పెడితే గడ్డికి జాగా లేదు. వంతెన దగ్గర జీపుల మెకానిక్ కైలాసం ఇక్కడికి పంపించాడు. డానియేలుకు సగం పని కైలాసం పంపేదే. "డానియేలు కారియరు సప్పుడు చేస్తె నా మీసం తీస్త" అనడం అతనికి అలవాటు.

కారియరు బిగించడానికి రెండు రోజులు పట్టింది. రెండో రోజు డానియేలు పైపు కోస్తుంటే ఓదెలు వెనక నిలబడి చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఒకసారి డానియేలు తల ఊపాడు, అలవాటు కొద్దీ. బండి ఇచ్చేటప్పుడు కొండీని ఎప్పటిలాగే బిగించాడు. పావు మీద ఇంకో రెండు పావులు.

ఆరో రోజు పొద్దున తొమ్మిదింటికి జీపు మళ్లీ షెడ్డు ముందు ఆగింది. ఓదెలు నడుము పట్టుకుని మెల్లగా దిగాడు. వెనక అతని భార్య లలితమ్మ దిగింది. మోచేతుల దాకా గీతలు, జుట్టులో గడ్డిపోచలు.

డానియేలు అటు తిరిగి కూర్చుని ఒక పైపుకు తుప్పు గీకుతున్నాడు.

"డానియేలన్నా! ఏం కొండి పెట్టినవే? బ్యాంకు లాకరా?" అన్నాడు ఓదెలు.

డానియేలు గీకుతూనే ఉన్నాడు.

"నువ్వు జరుగు" అని లలితమ్మ ముందుకొచ్చింది. "ఓ అన్నా! నిన్నే! పొద్దుగాల నాలుగింటికి గడ్డి ముంగట వడకుంటె ఒక్క బర్రె చేపుతదా? పాలు ఎగవట్టుకొని నిలవడ్డయి పన్నెండు. ఐదు రోజులు ఎట్లనో తీసిన, ఇయ్యాల గంటసేపు గుంజిన ఆ కొండిని. రాలే. గడ్డంత ముంగటి సీటు మీదికెంచి ఒక్కొక్క చేరెడు తీసిన, చూడు నా చేతులు!"

ఆమె చేతులు చాపింది. డానియేలు చూడలేదు. తీగ బ్రష్షు పైపు మీద వెనక్కీ ముందుకీ ఆడుతోంది.

లలితమ్మ ఒక నిమిషం ఆయన వీపునే చూసింది. కింద పడి ఉన్న పెద్ద పానా తీసుకుని, భుజం దాకా ఎత్తి, రేకు మీద వదిలింది. ఓదెలు ఎగిరిపడ్డాడు. పక్క కొట్టు ముందు పడుకున్న కుక్క లేచి పోయింది. డానియేలు పైపును ఇంకో పక్కకు తిప్పుకున్నాడు.

ఆమె చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"అన్నా, నీకు ఇనవడదా?"

ఆయన ఆమె పెదవులు చూశాడు. "గ్రైండరు ఆడుతున్నది గద చెల్లె" అన్నాడు.

"గ్రైండరు బందుంది."

డానియేలు గ్రైండరు వైపు చూశాడు. వైరు చుట్టి పక్కన పెట్టి ఉంది.

"అరె వా!" అన్నాడు ఓదెలు. "చెవులు లేనోడా సప్పుడు రాని కారియరు జేసేది? ఆ కైలాసంగాని మీసం నేనే తీస్త. మొన్న నీకు చెప్పిన గద అన్నా, నా నడుము పోయింది, దించేటిది మా ఆమె, ఆడమనిషి చేతికి వచ్చేటట్టు పెట్టుమని? తల గూడ ఊపితివి!"

భర్త చెప్పిందంతా లలితమ్మ ఎదురుగా, మెల్లగా మళ్లీ చెప్పింది. డానియేలు విని, కాదు, చూసి, పానా తీసుకుని లేచాడు. కొండీ సందులో మూసీ బురద గడ్డకట్టి ఉంది. గీకేశాడు. నట్టును మూడు పావు చుట్లు వదులు చేశాడు. లలితమ్మ ఒక్క చేత్తో లాగితే కొండీ విడిపోయింది, చేయి చక్రంతో సహా పక్కకు తిరిగింది. మూసింది, మళ్లీ తీసింది.

"గిది ముందే జెయ్యరాదు? నడువు, పోదాం" అంది మొగుడితో.

ఓదెలు బండి ఎక్కాడు. ఇంజను అదిరింది. అది డానియేలుకు కాళ్ల కింద తెలిసింది. వాళ్లను పోనిస్తే ఆ పూటకు గడిచిపోయేది. చెవిటివాడన్న మాట ఎవరైనా అన్నా, గ్రైండరు పనిలో వినపడలేదని సర్ది చెప్పుకోవచ్చు. కాని మూడు పావులు వదిలిన కొండీ ఇప్పుడు కొట్టుకుంటుందో లేదో ఆయనకు తెలియదు. కార్వాన్ సందుల్లో జీపు వెనక స్కూటరు ముందు పిల్లలను నిలబెట్టుకుని వచ్చేవాళ్లుంటారు.

ఆయన పోయి జీపుకు అడ్డం నిలబడ్డాడు.

"ఇంకేందన్నా?" అన్నాడు ఓదెలు.

"బండి బందు జెయ్యి. నాకు ఇనవడదు" అన్నాడు డానియేలు. కావాల్సిన దానికన్నా గట్టిగా అన్నాడు. చెవుడు ఉన్నవాళ్ల గొంతు అంతే. పక్క కొట్టువాడు తల బయటపెట్టి చూశాడు. "శాన ఏండ్ల సంది ఇనవడదు. ఇప్పుడు అది కొట్టుకుంటదా లేదా నాకు తెల్వది. చెల్లె ఇని చెప్పాలె. ఇనకుండ పోతె పానం పోతది, ఎవలదో."

లోపలికి వెళ్లి చెక్క పీట తెచ్చాడు. ఏడు నెలల దుమ్ము చేత్తో తుడిచి జీపు లోపల, వెనక భాగంలో వేశాడు. వేళ్ల లెక్క చెప్పాడు. లలితమ్మ అది ఒక్కసారికే పట్టుకుంది.

పట్టాల పక్క బాట. డానియేలు ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. మొదటి చుట్టులో ఆమె నాలుగు వేళ్లు చూపించింది. దిగి బిగించాడు. మళ్లీ నాలుగు వేళ్లే. ఆయన నొసలు చిట్లించాడు. ఆమె పీట మీద నుంచి వంగి అటూ ఇటూ వెతికి, సీటు కింద నుంచి పాల క్యాను మూత తీసి బయటికి విసిరింది.

"కొండి కాదు, ఈ మూత!" అని నవ్వింది. ఓదెలు బండి ఆపి, దిగలేక దిగలేక దిగి, మూత ఏరుకున్నాడు. "నా మూత ఏం పాపం జేసిందే?"

డానియేలు బిగించిందంతా వదిలాడు. మళ్లీ చుట్టు. ఒక వేలు. మళ్లీ. ఇంకో వేలు. ఐదో చుట్టులో ఆమె కళ్లు మూసుకుని విన్నది. బాట చివరిదాకా పోయి వచ్చారు. పిడికిలి బిగించి చూపించింది.

ఆమె దిగి కొండీ ఒంటి చేత్తో తీసి చూసింది. వచ్చింది. పీట ఆయన చేతికిచ్చి, పెదవులు కనిపించేటట్టు నిలబడి అడిగింది.

"ఇన్నేండ్లు ఎవలు ఇన్నరన్నా?"

"ఆగమ్మ. మా ఇంటామె."

"ఏది?"

"చచ్చిపోయింది. క్రిస్మస్ ముంగట."

లలితమ్మ ఆయన చేతిలోని పీటను అరచేత్తో తడిమింది. "పీట మస్తు గరుకున్నది. బొంత ముక్కన్న ఎయ్యి దాని మీద" అని బండెక్కింది.

సాయంత్రానికల్లా సంగతి కైలాసానికి చేరింది. మరునాడు వచ్చాడు. షెడ్డులోకి రాకుండా గొలుసు దగ్గరే నిలబడి చేతులు తిప్పుతూ మాట్లాడాడు. డానియేలు దగ్గరికి పోయి, "ముంగటకొచ్చి చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పాలె డానీ భాయ్? పదేండ్ల సంది నీ పేరు మీద మీసం పందెం కాస్తున్న. నాకన్న చెప్పవా?"

"పదేండ్లల్ల ఒక్కటన్న సప్పుడు చేసిందా?"

"చెయ్యలే."

"నీ మీసమున్నదా?"

కైలాసానికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "గప్పుడంటె వదిన ఉండె. గిప్పుడు ఎవలు ఇంటరు?"

డానియేలు మూడు రోజులు ఆలోచించి షెడ్డు ముందు బోర్డు దించాడు. తన పేరు కింద తెల్ల రంగుతో తనే రాశాడు: చప్పుడు వినే మనిషిని వెంట తెచ్చుకోవాలె. అక్షరాలు చివరికి వచ్చేసరికి జాగా చాలక చిన్నవయ్యాయి.

కొండలకు పోయే కుర్రాడొకడు వచ్చి, బోర్డు చదివి, ఫొటో తీసుకుని పోయాడు. మళ్లీ రాలేదు. ఇంకొకరు తమ్ముణ్ని వెంట తెచ్చుకున్నారు. ఆగమ్మ పోయాక అసలే తగ్గిన పని ఇంకా తగ్గింది. కైలాసం పంపడం మానలేదు గాని మీసం మాట ఎత్తడం లేదు. అప్పటికే పోయిన ఐదు జీపుల వాళ్ల నంబర్లు అతని దగ్గరే తీసుకుని, అతనితోనే ఫోన్లు చేయించి, డానియేలు ఒక్కొక్కరినీ పిలిపించాడు. నలుగురు వచ్చారు. కొండీలు సరిచేసి పంపాడు. ఐదోవాడు బండి అమ్మేశాడట.

పని లేని రోజు కూడా షెడ్డు తీస్తాడు. పీట మీద మడిచిన దుప్పటి ముక్క ఉంది. దాని మీద ఆయన కూర్చోడు, కింద గోనె మీద కూర్చుంటాడు. ఎదురుగా పట్టాల మీద సాయంత్రం లోకల్ వచ్చి ఆగుతుంది. జనం నోళ్లు కదుపుతూ దిగి పోతారు.

ఆగస్టులో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అట్లా కూర్చున్నప్పుడు జేబు అదిరింది. షారోన్. ఆయన ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఆఁ బిడ్డా" అన్నాడు. "తిన్న" అనబోయి ఆగాడు.

"బిడ్డా, నువ్వు చెప్పేటిది నాకు ఇనవడుత లేదు. ఫోను మంచిగనే ఉన్నది. నా చెవులే లేవు. చింటుకు జ్వరమొచ్చిన నాడు గూడ ఇనవడలే."

అవతల ఆమె ఏమన్నదో ఆయనకు తెలియదు. ఏదైనా అన్నదేమో, అనలేదేమో. కొంతసేపు ఫోను అట్లాగే పట్టుకున్నాడు. తీసి చూస్తే తెర నల్లగా ఉంది. కట్ చేసిందా, తన వేలే తగిలిందా అని తిప్పి చూశాడు. జేబులో పెట్టుకున్నాడు.

లోకల్ వచ్చి పోయింది. గొలుసు వేయడానికి లేచినప్పుడు ఫోను మళ్లీ ఒకసారి అదిరి ఆగింది. ఈసారి రాత. ఎప్పట్నుంచి డాడీ, అని ఉంది.

డానియేలుకు ఫోనులో రాయడం అలవాటు లేదు. కాలిన బొటనవేలు అక్షరాల మీద సరిగ్గా పడదు. చూపుడు వేలితో ఒక్కొక్కటే వెతికి, తప్పులు చెరిపి, చాలాసేపు రాశాడు.

నువ్వు బడికి పోయేటప్పటి సంది.

పంపించి, గొలుసుకు తాళం వేశాడు. తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నాడు.